ఆనపబుర్రలో వీలునామా

అరకులో సంత మైదానం పక్కన, సన్యాసిరావు టీ కొట్టుకూ కలప కోసే మిల్లుకూ మధ్య ఒక రేకుల గది ఉండేది. గది మీద ‘దేవీప్రసాద్ అండ్ అసోసియేట్స్, న్యాయవాదులు’ అని బోర్డు. దేవీప్రసాద్ గురువారం కిరండూల్ రైల్లో కొండెక్కి, శుక్రవారం సంత చూసుకుని దిగిపోయేవాడు. అసోసియేట్స్ అంటే మగ్దలేనమ్మ. గుమాస్తా ఆవిడే, టైపిస్టూ ఆవిడే. మిగతా వారమంతా ఆఫీసంటే ఆవిడే.

మగ్దలేనమ్మ గొంతు సంగతి తెలియనివాళ్లు ఆ లోయలో లేరు. మిషన్ బడిలో చదివే రోజుల్లో గంట పగిలిపోతే, కొత్తది వచ్చేదాకా పిల్లల్ని ఆవిడ చేతే పిలిపించారట. భర్త లాజరస్ రైల్వేలో గ్యాంగ్‌మన్. “మా యావిడ గుసగుసలాడితే సొరంగం అవతలున్నోళ్లు లేచి కూసుంటారు” అని నలుగురిలో అనేవాడు. అలాంటి మనిషిని తెచ్చి దేవీప్రసాద్ తన దగ్గరికి కేసులతో వచ్చే పార్టీల రహస్యాల మీద కాపలా పెడితే ఊరు నవ్వింది. ఏళ్లు గడిచినా ఆ నోటి నుంచి ఒక్క కేసు సంగతీ రాలకపోయేసరికి ఆ నవ్వు దానంతటదే ఆగింది.

ఆ కాపలా ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. 1994లో చేరిన కొత్తలో, వాడేసిన కార్బన్ కాగితాన్ని చింపకుండా చెత్తబుట్టలో వేసింది. ఎవడో ఏరుకుపోయి ఎండకు పట్టి చదివాడు. అక్షరం పోకుండా అంతా కనబడింది. ఒక ఆడమనిషి మొదటి పెళ్లి కథ సాయంత్రానికల్లా సంతంతా తిరిగింది. ఆమె మళ్లీ ఆఫీసు గడప తొక్కలేదు. దేవీప్రసాద్ పల్లెత్తు మాట అనలేదు గానీ, మగ్దలేనమ్మకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు నుంచి ఆఫీసులో కొత్త రాజ్యం మొదలైంది. కార్బన్లు, చెడిపోయిన కాగితాలు సాయంత్రం టీ కాచే పొయ్యిలోకే. కట్టల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం ఆవిడ సంచీలో ఉంటుంది, సంచీ ఆవిడ భుజాన ఉంటుంది. ఒక పార్టీ లోపలుంటే రెండో పార్టీ వరండాలోనే. పెద్ద చిక్కు సంతలో వచ్చేది. గుమాస్తమ్మ ఎవరిని చూసి నవ్వితే వాడు కోర్టుకెక్కాడని జనం తేల్చేసేవారు. నవ్వకపోతే పార్టీలు నొచ్చుకునేవారు. ఆలోచించి ఆలోచించి ఆవిడ అందరికీ నవ్వడం మొదలుపెట్టింది. ఉల్లిపాయలమ్మేవాడికీ, పోలీసుకీ, తాడుకు కట్టిన మేకకీ ఒకటే నవ్వు. అరకులో అంత కలుపుగోలు మనిషి లేదని కొత్తగా వచ్చిన పాస్టరుగారు మెచ్చుకున్నారు.

2001 వానాకాలంలో గురుబారి వచ్చింది.

డుంబ్రిగుడ అవతల కొండ మీద రెండెకరాల కాఫీ తోట ఆమెది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మరిది కొడుకులు బుధు, మంగ్లు చెరో పూటా గంజి పోస్తున్నారు. చెవులు పోయి పదేళ్లయింది. ఆ మంగళవారం జీపు పట్టుకుని ఒక్కతే దిగి, వీలునామా రాయాలంది. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, తోట ఎవరికో, ఎలాగో గొంతెత్తి చెప్పేసింది. మగ్దలేనమ్మ లేచి వరండాలోకి తొంగి చూసింది. అదృష్టం కొద్దీ అప్పుడు మిల్లులో రంపం నడుస్తోంది. ఆ మాటలన్నీ రంపం మింగేసింది. సైగలతో అడుగుతూ, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

చివర్లో ముసలామె మగ్దలేనమ్మ గడ్డం పట్టుకుని అసలు సంగతి చెప్పింది.

“గుంటలిద్దరికీ తెలకూడదమ్మా. తెలిస్తే తోటొచ్చినోడు, వొచ్చేసింది కదాని గంజి మానేత్తాడు. రానోడు, రాలేదు కదాని మానేత్తాడు. నాకు ఇద్దరి గంజీ కావాల.”

ఇంత నిఖార్సైన లెక్క మగ్దలేనమ్మ ఏ ప్లీడరు నోటా వినలేదు. దేవీప్రసాద్ వచ్చాక కాగితం తయారైంది. మిగిలిందొక్కటే. చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించాలంటే, కాగితాన్ని చదివి వినిపించాలి.

శుక్రవారం గురుబారి మందీమార్బలంతో దిగింది. పెద్దమ్మ ఏదో కాయితం రాయిస్తోందని అన్నదమ్ములకు వాసన తగిలింది. బుధు ఆమెను భుజాన మోసుకొచ్చాడు. మంగ్లు ఆమె తల మీద గొడుగు పట్టుకుని పక్కన పరుగెత్తుకొచ్చాడు. వెనక ఊరివాళ్లు పది మంది. అందరూ వరండాలో బైఠాయించారు.

మగ్దలేనమ్మ తలుపు మూసి, ముసలామె చెవి దగ్గర నోరు పెట్టి, “నేను, గురుబారి అను నేను” అని మొదలుపెట్టింది. ముసలామె ఏటి అన్నట్టు చూసింది. మగ్దలేనమ్మ గొంతు పెంచింది. లాభం లేదు. ఇంకా పెంచింది. టీ కొట్టులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. పక్క రేకు అవతల నుంచి సన్యాసిరావు, “అది ఇనబడింది గుమాస్తమ్మా, తరవాతేటి?” అన్నాడు. వరండా అంతా నవ్వింది.

రంపం నడిస్తే ముసలామెకు వినబడదు. ఆగితే సన్యాసిరావుకు వినబడుతుంది. మధ్యేమార్గం లేదు.

మగ్దలేనమ్మ ఆమెను చర్చిలోకి తీసుకెళ్లింది. అక్కడ ఒక్క మాట అంటే గోడలు మూడుసార్లు అన్నాయి. అన్నదమ్ములు చెరో కిటికీ కింద తేలారు. అక్కణ్ణుంచి ఊరి వెనక కాఫీ తోటలోకి నడిపించింది. మనిషి జాడ లేదనుకుని గొంతు విప్పితే, పొదల వెనక కలుపు తీస్తున్న ఆడవాళ్లు, “ఎవులమ్మా ఆ గురుబారి? ఏటి రాసిందేటి?” అని కేకేశారు. మధ్యాహ్నానికి ఇద్దరూ తడిసి ముద్దై ఆఫీసుకు తిరిగొచ్చారు.

దేవీప్రసాద్ గడియారం చూసుకున్నాడు. మంచివాడే గానీ రైలు టైముకు ఆయన మంచితనం కాస్త పలచబడేది.

“చదివి వినిపించామని రాసెయ్యండి మగ్దలేనమ్మగారూ. ముసలావిడకు ఏం కావాలో మనకు తెలుసు. అలాగే రాశాం. ఎవరు అడగొచ్చారు?”

ఆవిడ కాగితం వదల్లేదు.

“ఇనకుండా ఇన్నట్టు ఏలిముద్రెయ్యించడం ఈ కొండ మీద కొత్తేటి సార్? షావుకార్లు సేసింది అదే కదా. దానికి మనం బోర్డెందుకు, కట్టుకోడం.”

ఆయన చురుక్కున చూశాడు. నిజానికి ఆ కొండల్లో వినకుండా పడిన వేలిముద్రల కింద ఎన్ని పొలాలు చేతులు మారాయో, ఆ లెక్క తీస్తే మిల్లులో ఉన్న కలపంతా కాగితం చేసినా చాలదు. అది ఆయనకూ తెలుసు.

మగ్దలేనమ్మకు తల వేడెక్కి సంతలోకి నడిచింది. గురుబారి ఆమె చెంగు పట్టుకుని వెంటే వచ్చింది. ఒకచోట ఎండిన ఆనపబుర్రలు రాశి పోసి అమ్ముతున్నారు. అంబలి పోసుకు తిరగడానికి కొండమీదివాళ్లు కొనుక్కునేవి. ముసలామె కూర్చుని ఒక బుర్ర తీసి, తొడిమ దగ్గర చెవికి ఆనించి, కింద వేలితో కొట్టింది. పక్కన పెట్టింది. రెండోది తీసి కొట్టింది. మూడోది కొట్టి, అమ్మేవాడి ఒళ్లో పడేసి, “ఇది బీటేసిందిరా” అంది. వాడు నీళ్లు పోసి చూశాడు. సన్నగా కారింది.

మగ్దలేనమ్మ అక్కడే నిలబడిపోయింది. తన గొంతు వినబడని చెవికి వెంట్రుక మందం బీట వినబడింది.

బేరమాడకుండా పొడుగు మెడ ఉన్న బుర్ర ఒకటి కొంది. అమ్మేవాడి కత్తితోనే కొన కోయించింది, అడుగు తీయించింది. ఆఫీసుకొచ్చి తలుపేసి, సన్నటి కొసను ముసలామె చెవిలో ఆనించి, వెడల్పు వైపు తన నోరు పెట్టి, బతుకులో మొదటిసారి గుసగుసలాడింది. ఎలా ఆడాలో తెలియక మొదట దగ్గొచ్చింది. “నేను, గురుబారి అను నేను…” ముసలామె కళ్లు పెద్దవయ్యాయి. పదేళ్ల తర్వాత మనిషి మాట చెవిలో పడింది. “నీ గొంతు బాగుందే గుంటా” అని అరిచింది.

మగ్దలేనమ్మ గబుక్కున ఆమె నోరు మూసింది. ఒప్పందం కుదుర్చుకున్నారు. సరిగ్గా ఉంటే చేయి నొక్కాలి, తప్పుంటే గిల్లాలి, నోరు మాత్రం విప్పకూడదు. తెలుగులో ఒకసారి, ఆమె మాట్లాడే ఒరియాలో ఒకసారి, వాక్యం వెంట వాక్యం సాగింది. ముసలామె నొక్కుతూ పోయింది. హద్దుల్లో తోట పక్కన పారే గెడ్డ దగ్గరికొచ్చేసరికి మగ్దలేనమ్మ కెవ్వుమంది. గిల్లు చర్మం లేచిపోయేలా ఉంది. ఒప్పందం గాలికొదిలేసి, “గెడ్డ తూరుపునేటే? గెడ్డ పడమర” అని ముసలామె రేకులదిరేలా అరిచింది.

దేవీప్రసాద్ కాగితం తీసుకుని చూశాడు. తూర్పు గెడ్డ అనే ఉంది. ఆయన రాయించిందే. అలా వదిలేస్తే గురుబారి తోట బదులు గెడ్డ అవతల పక్కవాడి తోట రాసిచ్చినట్టయ్యేది. ఆ పూట ఆయన రైలు ఊసెత్తలేదు. టైపు మిషను దగ్గర తనే కూర్చుని ఆ పేజీ మళ్లీ కొట్టాడు.

సాక్షులుగా చర్చి పెద్ద యోనానూ, సన్యాసిరావునూ పిలిచారు. సాక్షి వేలిముద్ర చూడాలి గానీ లోపలి రాత చూడనక్కర్లేదు. మగ్దలేనమ్మ కాగితం మీద పాత క్యాలెండరు పరిచి, సంతకాల జాగా మాత్రం వదిలింది. సన్యాసిరావు క్యాలెండరు అంచు దగ్గర మెడ సాచి, సాచి, చివరికి తన పేరులోనే ఒక అక్షరం మింగేశాడు.

వరండాలో అన్నదమ్ములకు చేజిక్కింది ఒక్క మాట, గెడ్డ పడమర. తన ఇల్లు గెడ్డ వైపే కాబట్టి తోట తనదేనని బుధు తేల్చుకున్నాడు. పెద్దమ్మ గెడ్డను అవతలికి నెట్టి మాట్లాడింది కాబట్టి ఇవతలి తోట తనదేనని మంగ్లు అనుకున్నాడు. ఆ ధీమాతో ఇద్దరూ గంజి చిక్కన చేశారు. తర్వాత కోడి కూడా పడింది.

ఏడాదికి రెండు మూడుసార్లు బుధు ఆరా తీయడానికి పనసపండుతో ఆఫీసుకు వచ్చేవాడు. మంగ్లు మిరియాలతో వచ్చేవాడు. మగ్దలేనమ్మ ఇద్దరి సరుకూ ఇద్దరికీ తిరిగిచ్చి పంపేది. వాళ్లు లాజరస్‌ను పట్టుకున్నారు. అతను ఒక రాత్రి అన్నం దగ్గర, “నాకు కూడా సెప్పవేటే? నానెవులికి సెబుతాను” అని బతిమాలాడు. మగ్దలేనమ్మ అతని కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది. అదే జవాబు.

గురుబారి ఆ తర్వాత దాదాపు ఆరేళ్లు బతికింది. కాస్త ఒళ్లు కూడా చేసింది. బుర్రను మెడలో తగిలించుకుని, పలకరించిన ప్రతివాడి నోటికీ అందించి, పదేళ్ల కబుర్ల బాకీ వసూలు చేసుకుంది. 2007 మాఘంలో, మంగ్లు ఇంట్లో గంజి తాగి, బుధు ఇంటి అరుగు మీద నిద్రలో పోయింది.

దినాలయ్యాక అన్నదమ్ములు వచ్చారు. దేవీప్రసాద్ కవరు చింపి చదివాడు. తోట మధ్య కాలిబాటే గట్టు, బాటకు అటు సగం బుధుకు, ఇటు సగం మంగ్లుకు.

ఇద్దరూ కాగితం మీదికి వంగి, ఆ ముక్కే మళ్లీ చదివించుకున్నారు. చివరికి బుధు గుమాస్తమ్మ వైపు తిరిగాడు.

“సగం సగమా? ఇది నీకు ఆరేళ్లుగా తెలుసా?”

“తెలుసు.”

“ఒక్క ముక్క అంటే ఎన్ని కోళ్లు మిగిలేవి?”

“మిగిలేవి,” అంది మగ్దలేనమ్మ. “మీ పెద్దమ్మే మిగిలేది కాదు.”

మంగ్లుకు ముందు నవ్వొచ్చింది. బుధు కాసేపు బిగదీసుకుని ఆపలేకపోయాడు. నవ్వుతూనే టీ చెప్పడానికి బయటికెళ్లాడు. వాడు గడప దాటాడో లేదో, మంగ్లు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

“అక్కా, నాకూ ఓ కాయితం రాయాల. ఆడికి తెలకూడదు.”

మగ్దలేనమ్మ లేచి తలుపు వేసింది.