జాజ్‌లో గట్టిమేళం

మొన్న శనివారం విజయవాడలో నేను చేసిన ఘనకార్యం చెప్తాను, ముందు ఆ టీ తాగేయండి. మధ్యలో నవ్వొచ్చి పొలమారితే నా పూచీ లేదు. చేసింది తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ చల్లపల్లి నుంచి డోలు మోసుకెళ్ళి గవర్నర్‌పేటలో జాజ్ వాయించినవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, దణ్ణం పెట్టేస్తా!

నా సంగతి మీకు తెలుసుగా, ఊళ్ళో అందరూ విద్వాంసుడనే అంటారు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో డోలు వాయిస్తున్నా, పక్కన సన్నాయి మా బావమరిది. ఎన్ని పెళ్ళిళ్ళు చేయించామో మాకే గుర్తులేదు. కానీ ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి. పెళ్ళిలో డోలు ఎవరు వింటారండీ? మగపెళ్ళివారు ఉప్మా చల్లారిపోయిందని గొడవపడుతుంటారు. ఆడవాళ్ళు ఒకరి చీరలొకరు చూసుకుంటుంటారు. ఫొటోగ్రాఫర్ వచ్చి "మాస్టారూ, కొంచెం పక్కకి జరగండి, ఫ్రేమ్‌కి అడ్డొస్తున్నారు" అంటాడు. నేను ప్రాణం పెట్టి ఓ ముక్తాయింపు వేసి తలెత్తితే ఎదురుగా ఖాళీ కుర్చీలు, వాటి మీద హ్యాండ్‌బ్యాగులు! ఇంటికొచ్చాక మా ఆవిడ దగ్గర రోజూ ఇదే ఏడుపు. "నా విద్యంతా బూడిదలో పోసిన పన్నీరే" అంటే, "అన్నం చల్లారిపోతోంది, తినండి" అంటుంది. ఆవిడా వినదు.

అలాంటిది మొన్న ఎండాకాలంలో ఉయ్యూరు దగ్గర ఓ పెళ్ళిలో విచిత్రం జరిగింది. అందరూ భోజనాలకి లేచిపోయారు. ఒకతను మాత్రం ప్లేటు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ప్లేట్లో బూరె ఉంది, అది కొరకడం కూడా మర్చిపోయి నన్నే చూస్తున్నాడు. నా చొక్కా గుండీ గానీ ఊడిందేమోనని తడుముకున్నా. వాయించడం అయ్యాక దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, మీరు నాలుగు లెక్కలో వెళ్తూ వెళ్తూ ఐదులోకి దూకారు. మళ్ళీ ఎవరికీ తెలీకుండా నాలుగులోకి వచ్చేశారు. అవునా?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయండీ! ఇరవై ఏళ్ళ నుంచి దూకుతున్నా ఆ దూకుడు. పట్టుకున్నవాడు ఇతనొక్కడే.

పేరు సుహాస్. విజయవాడలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు, తీరిక దొరికితే కీబోర్డు వాయిస్తాడు. గవర్నర్‌పేటలో ఓ హోల్‌సేల్ బట్టల కొట్టు పైన చిన్న కేఫ్ ఉందట. నెలకోసారి సాయంత్రం పూట అక్కడ వీళ్ళ జాజ్. మొత్తం నలభై కుర్చీలు. "మీరొకసారి మాతో వాయించాలండీ" అన్నాడు.

"జాజ్ అంటే ఏంటి బాబూ?"

"ముందు అందరం కలిసి ఓ ట్యూన్ వాయిస్తాం. తర్వాత ఒక్కొక్కరు అప్పటికప్పుడు తోచింది వాయించుకుంటూ పోతారు. చివర్లో మళ్ళీ కలుస్తాం."

"ముహూర్తం లేటైతే మేం చేసేది అదేగదయ్యా!"

పగలబడి నవ్వాడు. తర్వాత ఒక్క మాటన్నాడు, దాంతో నేను పడిపోయా. "అక్కడ ఎవరూ మాట్లాడరు మాస్టారూ. ఫోన్లు కూడా సైలెంట్‌లో పెడతారు. వినడానికే వస్తారు."

వినడానికే వస్తారు! ఇంటికెళ్ళి ఆ మాట మా ఆవిడకి నాలుగుసార్లు చెప్పా. ఐదోసారి మొదలెడితే "వింటున్నా మహాప్రభో" అని దండం పెట్టింది.

రెండు ఆదివారాలు సుహాస్ వాళ్ళింట్లో రిహార్సల్స్ చేశాం. సాక్సఫోన్ హరిణి అని ఓ అమ్మాయి, పళ్ళ డాక్టరు. బేస్ గిటార్ కిరణ్, బ్యాంకు ఉద్యోగి. బంగారంలాంటి పిల్లలు. నాకు వాళ్ళు నేర్పింది ఒక్కటే, మెల్లగా వాయించడం. "ఇంకొంచెం మెల్లగా మాస్టారూ" అని హరిణి, "ఇంకాస్త" అని కిరణ్. ముప్పై ఏళ్ళు "గట్టిగా వాయించవయ్యా, డబ్బులు ఊరికే ఇస్తున్నామా" అనిపించుకున్న చేతులు ఇవి. అయినా పట్టేశా. వేళ్ళకి తొడుగులు తీసేశా, డోలు కొట్టే పుల్ల పక్కన పెట్టేశా.

ఆఖరి ట్యూన్ గురించి సుహాస్ మరీ మరీ చెప్పాడు. "చాలా స్లోగా ఉంటుంది. చివర్లో మేమంతా ఆగిపోతాం. హరిణి ఒక్కతే వాయిస్తూ సన్నగా, సన్నగా వెళ్ళి ఆపేస్తుంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు నేను సైగ చేస్తా. మీరు వేళ్ళతో, చినుకులు మొదలైనట్టు మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి పది నిమిషాలు మీ ఇష్టం."

పది నిమిషాలు! నేనొక్కణ్ణే! నలభై మంది వింటుండగా! నా జన్మకి ఇది చాలనుకున్నా. రిహార్సల్స్‌లో సైగంటే తలూపేవాడు. శనివారం కేఫ్‌కి వెళ్ళాక చూస్తే లైట్లు మరీ డిమ్ముగా ఉన్నాయి. "తలూపితే కనపడదు మాస్టారూ, చెయ్యెత్తుతా" అన్నాడు. "అలాగే" అన్నా. ఆ "అలాగే"తోనే నా కొంప మునిగింది, అప్పటికి తెలీదు.

ఆ రోజు బస్సులో నా దర్జా చూడాలి మీరు. పట్టు గలేబు తొడిగిన డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. కండక్టర్ "ఎక్కడండీ పెళ్ళి?" అనడిగాడు. "పెళ్ళి కాదు, కచేరీ!" అన్నా, బస్సంతా వినపడేటట్టు.

కేఫ్ నిండిపోయింది. కాఫీలు, కాగితం పొట్లాల్లో పాప్‌కార్న్. ముందు వరసలో హరిణి వాళ్ళ నాన్నగారు, రామ్మోహన్ గారు, లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారట. సరిగ్గా ఏసీ కింద కూర్చుని, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. మొదటి మూడు ట్యూన్లూ అద్భుతంగా కుదిరాయి. ట్యూన్ మధ్యలోనే చప్పట్లు కొట్టేస్తున్నారు! మా పెళ్ళిళ్ళలో చప్పట్లంటే డ్రోన్ ఎగిరినప్పుడే. ఛాతీ రెండంగుళాలు పెరిగింది, అబద్ధం ఎందుకాడాలి.

ఇక ఆఖరి ట్యూన్. అందరూ ఆగిపోయారు. హరిణి ఒక్కతే వాయిస్తోంది. ఆ పిల్ల ఊదుతుంటే గుండె పిండేసిందండీ. సన్నగా, సన్నగా వెళ్ళి ఆపేసింది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. సుహాస్ నా వైపు చూసి చెయ్యెత్తాడు.

సరిగ్గా అప్పుడే రామ్మోహన్ గారు "హా...చ్చ్!" అని తుమ్మారు.

పాపం ఆయన తప్పేం లేదు. కూతురు వాయిస్తోందని అంతసేపూ ఉగ్గబట్టుకున్నారట. ఆ పిల్ల ఆపిందిగదా అని వదిలేశారు.

ఇప్పుడు మీరే ఆలోచించండి. ముహూర్తం వేళ పురోహితుడు చెయ్యెత్తితే మేమేం చేస్తాం? గట్టిమేళం! అసలు గట్టిమేళం ఉన్నదే ఎందుకు? తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మినా, అపశకునం మాటన్నా వినపడకుండా ఉండడానికి. ఎత్తిన చెయ్యి, ఆపైన తుమ్ము! రెండూ ఒకేసారి వస్తే ఇక నా చేతులు నన్ను అడుగుతాయా? పక్కన పెట్టిన పుల్ల చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. ఢమఢమఢమఢమ! పైకప్పు లేచిపోయింది! చినుకుల్లేవు, ఏమీ లేవు, ఏకంగా తుఫానే!

ఒకావిడ చేతిలో కాఫీ ఒలికిపోయింది. కిరణ్ గోడకి అతుక్కుపోయాడు. సరే, రెండు దెబ్బలేసి ఆపెయ్యొచ్చుగా అంటారు మీరు. ఎలా ఆపనండీ? ఎత్తిన చెయ్యి దించితేనే గట్టిమేళం ఆపాలి, అది మా రూలు. సుహాస్ హడలిపోయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయాడు! వాడు దించడు, నేను ఆపను. వాడేమో నా వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు. "ఇంకా కావాలేమో"నని నేను ఇంకో పట్టు పెంచా.

అంతలో చూద్దును గదా, జనం లేచి నిలబడ్డారు. కోపంతో అనుకునేరు, కాదు! గట్టిమేళం మోగితే కూర్చోవడం మనవాళ్ళ వంట్లో ఉందా? నిలబడ్డారు, చేతిలో ఏముందో చూసుకోలేదు, పిడికిలి బిగించారు, వేసేశారు. పాప్‌కార్న్! నలభై మంది పాప్‌కార్న్ అక్షింతలు! పొట్లం ఖాళీ అయిన ఒకావిడ వెనక నుంచి "కాస్త ఇటు కూడా ఇవ్వండి" అని చెయ్యి చాపింది. మధ్యలో నిలబడి ఉన్నది ఎవరు? హరిణి, తన పక్కనే కిరణ్. ఇద్దరి నెత్తిన తెల్లగా పాప్‌కార్న్. రామ్మోహన్ గారు కూడా లేచి, భక్తిగా కళ్ళు మూసుకుని మరీ, గుప్పెడు వేశారు.

"నాన్నా! నువ్వేంటి నాన్నా!" అని హరిణి అరిచింది.

ఆయన కళ్ళు తెరిచి, కూతుర్నీ కిరణ్‌నీ చూసి, చేతిలో మిగిలిన పాప్‌కార్న్ చూసుకుని, "అలవాటమ్మా" అన్నారు.

అప్పుడు దించాడండీ సుహాస్ చెయ్యి. నేను ఆపా. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారిది వేరే నిశ్శబ్దం. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన పది నిమిషాలు, నా చేత్తో నేనే తగలేసుకున్నా. డోలు సర్దేసుకుని మెట్లు దిగిపోదామని లేవబోయా.

సుహాస్ మైకు దగ్గరికెళ్ళాడు. నవ్వాపుకోలేక మాట రావట్లేదు. "పెళ్ళి అయిపోయింది. ఇప్పుడు మాస్టారి సోలో" అన్నాడు. హాలు గొల్లుమంది. "కూర్చోండి మాస్టారూ, వినే వెళ్తాం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ మాటకి మళ్ళీ కూర్చున్నా. పుల్ల కుర్చీ కిందకి తోసేసి, వేళ్ళతో మొదలుపెట్టా.

పది నిమిషాలన్నారు గానీ పదిహేను వాయించి ఉంటా. నాలుగులోంచి ఐదు, ఐదులోంచి ఏడు, మళ్ళీ నాలుగు. ఒక్కళ్ళూ కదల్లేదు. ఒక్క ఫోను మోగలేదు. ఎవరూ నన్ను పక్కకి జరగమనలేదు. ఆఖరి దెబ్బ పడగానే మళ్ళీ లేచి నిలబడ్డారు, ఈసారి మాత్రం చప్పట్లకి! గర్వంగా ఉందా అంటే ఉందండీ. ఎందుకుండకూడదు?

అయ్యాక రామ్మోహన్ గారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. తుమ్మినందుకు సారీ చెప్తారేమో అనుకున్నా. "చాలా బాగుందండీ. కానీ చివర్లో మూడుసార్లు వచ్చే ముక్తాయింపు ఉంది చూశారా, అందులో రెండోసారి ఒక దెబ్బ మింగేశారు. మూడోసారి దాన్ని కవర్ చేశారు. వేళ్ళ మీద లెక్కేశాను" అన్నారు. నా మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎందుకంటే నిజం! ఆ దెబ్బ నేను వాయించడం నేర్చుకున్నప్పటి నుంచీ మింగుతున్నా. ఇన్ని పెళ్ళిళ్ళలో ఒక్కడూ అడగలేదు, నేనూ మర్చిపోయా. ఆ నిశ్శబ్దంలో నా డోలు నాకే మొదటిసారి వినపడింది. ఆ దెబ్బ లేని గుంట కూడా వినపడింది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ మా ఆవిడ అడిగింది, "ఇంతకీ విన్నారా ఎవరైనా?"

"విన్నారే! ప్రతి దెబ్బా విన్నారు."

"మరి ఆ మొహం ఏంటి?"

"వెయ్యని దెబ్బ కూడా విన్నారు."

వచ్చే నెల కూడా రమ్మన్నారు. అందుకే ఇప్పుడు రోజూ తెల్లారగానే లేచి గంట సాధన చేస్తున్నా, యాభై మూడేళ్ళ వయసులో, ఓనమాలు దిద్దుకునేవాడిలాగా. ఒక్క నిజం మాత్రం మీకే చెప్తున్నా, బయట అనకండి. ఇన్నాళ్ళూ ఊళ్ళో నన్ను విద్వాంసుడన్నది నేను బాగా వాయించినందుకు కాదండీ, ఎవరూ విననందుకు!