పిట్ట ముట్టిన తర్వాత

చచ్చిన మా అన్న లేచి వచ్చాడని కల్వకుర్తి పక్కన మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట మొదట అన్నది నేనే. అది అబద్ధం.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అన్న మేస్త్రీ వెంట కాలువ పనికి పోయి, మళ్లీ కనిపించలేదు. వానల తర్వాత వాగులో కొట్టుకొచ్చిన శవాన్ని మహబూబ్‌నగర్ దవాఖానలో చూపించారు. మొహం ఆనవాలు పట్టేలా లేదు. మొలతాడు చూసి మా అన్నేనని చెప్పాను. కొరివి పెట్టాను. మూడోనాడు పిట్టకు పిండం పెడితే కాకి వెంటనే ముట్టింది. వదిన గాజులు తీయించారు.

ఎండాకాలంలో అన్న నడిచొచ్చాడు. తల మీద పాత దెబ్బ, చూపు ఎటో. పిలిస్తే పలకలేదు. ఎప్పటిలాగే వాకిట్లో గోలెం దగ్గర నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కున్నాడు.

"తమ్మీ, గీడు మీ అన్న గాదుర?" అన్నాడు పక్కింటి పెద్దాయన.

"పిట్ట ముట్టింది గద కాకా! సచ్చినోడు ఎట్లొస్తడు? ఎవడో బాణామతి చేసి లేపిండు."

"దయ్యాలకు పాదాలు ఎనక్కుంటయంటరు. గీనియి ముందటికే ఉన్నయి గదరా!"

ఎవరూ నవ్వలేదు. లోపల వదిన "ఒక్కసారి చూడనియ్యి మరిదీ" అని ఏడుస్తోంది. అన్నేనని ఒప్పుకుంటే, ఎవరి బిడ్డనో కాల్చానని కూడా ఒప్పుకోవాలి. తలుపు మూశాను. సాయంత్రానికి అన్న శ్రీశైలం రోడ్డు పట్టాడు. వదిన పుట్టింటికి పోయింది. తర్వాత ఎంత వెతికినా అన్న దొరకలేదు.

చాన్నాళ్లకు హైతీ గురించి చదివాను. అక్కడ మంత్రగాడు చచ్చినవాణ్ణి లేపి చేలల్లో చాకిరీ చేయిస్తాడని నమ్మకం. వాణ్ణి జాంబీ అంటారు. ఒకప్పుడు బానిసలుగా బతికిన జనం వాళ్లు. జాంబీ ఏం చేస్తాడోనని కాదు, చచ్చాక కూడా చాకిరీ తప్పదేమోనని వాళ్ల భయం. ఒక చేప విషం మనిషిని శవంలా పడేస్తుందని కొందరంటారు, కాదని కొందరు. మతి చెడి తిరిగే పరాయివాణ్ణి చూసి, చచ్చిన తమవాడే వచ్చాడనుకుని ఇంటికి తీసుకుపోయినవాళ్లూ ఉన్నారట. అక్కడ పుస్తకం మూసేశాను. వాళ్లు పరాయివాణ్ణి లోపలికి పిలిచారు.

నేను కాల్చినవాడి కోసం ఏ ఇంట్లోనో ఇంకా ఎదురుచూస్తూ ఉండొచ్చు.

చచ్చిన పెద్దలను తలుచుకునే పెత్రమాసనాడు బాపు పేరున బియ్యం ఇస్తాను. "మీ అన్న పేరు గూడ చెప్పు" అంటాడు పంతులు, ప్రతి ఏడూ.

"వద్దు పంతులూ. మా అన్న బతికే ఉన్నడు."

ఇంటికొస్తే నేనొక్కణ్ణే. గోలెం మాత్రం నింపే ఉంచుతాను.