ముఖ్య అతిథికి వచ్చిన ఆయాసం

మాది గుడివాడ శివార్లలో రైస్‌మిల్లు పక్క వీధి. మిల్లు పొగగొట్టంలోంచి రాలే ఊక బూడిద వల్ల మూడో తరగతి చదివే మా అమ్మాయి హారికకు తరచూ ఆయాసం వస్తుంది. సంచిలో ఇన్‌హేలర్ పెట్టనిదే బడికి పంపను.

నిరుడు బడిలో మొక్కలు నాటే కార్యక్రమానికి ఆ మిల్లు యజమానినే ముఖ్య అతిథిగా పిలిచారు. "స్వచ్ఛమైన గాలి పిల్లల హక్కండీ" అని ఆయన మైకులో చెబుతుండగానే గాలి ఇటు మళ్లింది. నల్లటి బూడిద వేదిక మీద కురిసింది. ఆయనకు దగ్గు తెర పట్టుకుంది, ఊపిరాడక కళ్ళు తేలేశారు. మేమంతా హడలిపోయాం.

హారిక పరుగున వెళ్లి, "ముందుకు వంగి కూర్చోండి తాతగారూ. ఊపిరి మెల్లగా వదలండి. కంగారుపడకండి, నాకెప్పుడూ ఇంతేనండి" అంది. ఆయన బుద్ధిగా అలాగే చేశారు.

తేరుకున్నాక దాని తల నిమిరారు. ఇప్పుడైనా పొగగొట్టం సంగతి ఎత్తుతారని ఆశపడ్డాను. ఆయన హెడ్‌మాస్టారి వైపు తిరిగి, "ఇంత బూడిదలో బడి పెట్టారేంటండీ, పసిపిల్లలు కదా! వేరేచోటికి మార్పించండి, స్థలం నేను చూస్తాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొస్తూ హారిక, "అమ్మా, మరి మన ఇల్లు కూడా మారుస్తారా?" అని అడిగింది. మా ఊళ్లో బూడిదకు దారి ఇవ్వాల్సింది పిల్లలేనని నాకు ఆ రోజే అర్థమైంది.