డాక్టరుకి చూపించని పాదాలు

అన్నయ్య పోయి నెల దాటింది. అతని ఓర్పు గురించి అందరూ మాట్లాడుతున్నారు. అందులో నా పాత్ర ఏమిటో వాళ్లకి తెలియదు.

అరవైల మొదట్లో భిలాయిలో ఉండేవాళ్లం. నాన్న ఉక్కు ప్లాంటులో పనిచేసేవాడు, రిటైరవడానికి ఏడాదే ఉంది. ఈలోగా అన్నయ్యకి ప్లాంటులో ఉద్యోగం రాకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. అతను గేటు కాపలా పనికి ఎంపికయ్యాడు. వైద్యపరీక్ష ఒక్కటే మిగిలింది. అరికాలి మధ్య గుంట లేని చదును పాదాలుంటే తీసుకోరని, తడి కాలు నేలమీద వేయించి చూస్తారని పక్కింటాయన చెప్పాడు. అన్నయ్య కుళాయి దగ్గర కాలు తడిపి గచ్చుమీద పెట్టాడు. మడమ నుంచి వేళ్ల దాకా ఎక్కడా ఖాళీ లేకుండా అచ్చు పడింది.

"ఏటి చెల్లీ, కాపలా కాసేది కళ్లతోనా, కాళ్లతోనా?" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఇంట్లో పుస్తకాలు చదివేది నేనే. వ్యాయామం పుస్తకం ఒకటి తిరగేసి ఉపాయం కనిపెట్టాను. బొటనవేలు నేలకి నొక్కి, బరువంతా పాదం బయటి అంచుమీద వేస్తే లోపలివైపు నేలకి అంటదు. పది రోజులు సాధన చేయించాను.

"మళ్లీ వెయ్యి. ఇంకా అంటుతోంది."

"పంతులమ్మగారూ, పిక్కలు పట్టేసినాయండి."

పరీక్షలో గట్టెక్కాడు. "ఇకమీద ఏ డాక్టరుకీ కాళ్లు చూపించకు. బయటపడితే తీసేస్తారు" అని చెప్పాను. అలా అని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే ఊహించుకున్నాను.

ఎనిమిది గంటలు బూట్లలో నిలబడే పని. రెండేళ్లకి, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయలేకపోయేవాడు. వావిలాకు కాపడం పెట్టాం. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టాం. పెళ్లయి వచ్చిన వదిన ఆసుపత్రికి వెళ్దామంటే నావైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

అలా ఆరేళ్లు గడిచాయి. ఒకరోజు పాదం వాచి బూటు ఎక్కలేదు. వదిన రిక్షా పిలిచింది. నేనూ వెళ్లాను.

డాక్టరు పాదం నొక్కి చూశాడు. "ఇత్‌నే సాల్ కహాఁ థే, భయ్యా?" అన్నాడు. ఇన్నేళ్లూ ఎక్కడున్నావని. ఇలాంటి పాదాలవాళ్లు రోజూ వస్తారట. మొదట్లోనే వచ్చి ఉంటే బూటులో మెత్త పెట్టించి, కూర్చునే డ్యూటీకి చీటీ రాసేవాడట. దీనికి ఉద్యోగం ఎవరూ తీయరట. ఇప్పుడు కీళ్లు బిగుసుకుపోయాయి, నొప్పి పూర్తిగా పోదు అన్నాడు.

బయటికొచ్చాక వదిన నావైపు తిరిగింది. అన్నయ్య అడ్డుపడ్డాడు.

"దాన్నేటీ అనకు. సదువుకున్నది కదా అని నేనే నమ్మేను."

ఆ తర్వాత బతికినన్నాళ్లూ నన్ను ఏ విషయంలోనూ సలహా అడగలేదు.