చింతబరిగెల పందిరి

టీచరమ్మ పోయిందన్న మాట కామారెడ్డి బస్టాండులో విన్నాను. ఎల్లారెడ్డి బస్సు ఎక్కబోతుంటే ఇంటినుంచి ఫోను వచ్చింది. తాడ్వాయి దాటేదాకా పక్కసీటాయనతో వానల గురించి మాట్లాడుతూనే ఉన్నాను. తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆమె మా వాడ అంగన్‌వాడీ టీచరు. మా బిడ్డ నాలుగేండ్లప్పుడు ఆమె దగ్గరికి వెళ్లేది. ఆ ఏడు మా పక్కింటి అన్నదమ్ములు గోడ కోసం కట్టెలతో కొట్టుకునేవాళ్లు. పిల్లలు అరుగుల మీద నిలబడి అంతా చూసేవాళ్లు. కొట్లాట లేచినప్పుడు టీచరమ్మ ఎదురుగా ఉన్న అంగన్‌వాడీ కేంద్రం గేటు దగ్గరికి వచ్చి, పిల్లలు పడుకున్నారని మాత్రం చెప్పేది. ఒక్కోసారి వినేవాళ్లు. విననప్పుడు తలుపు వేసి, పిల్లలతో పాట గట్టిగా పాడించేది.

కొన్నాళ్లకు మా బిడ్డ తోటిపిల్లలను కొట్టడం మొదలుపెట్టింది. అందుకని ఇంట్లో దానికి దెబ్బలు పడేవి. పడ్డకొద్దీ అక్కడ ఇంకా కొట్టేది. ఈ పిల్ల వస్తే మా పిల్లలను పంపేది లేదని తల్లులు తెగేసి చెప్పారు.

మా దగ్గర పిల్లలను బడిలో వేసేటప్పుడు మాట వినకపోతే కొట్టమని టీచరు చేతికి చింతబరిగె ఇచ్చిరావడం అలవాటు. తల్లులు అలా అన్నాక బిడ్డ తాత, మా బాపు కూడా ఒకటి కోసి, ఆకు దూసి తీసుకెళ్లాడు.

"గిది ఎవ్వరి మాట ఇనది టీచరమ్మా. నాలుగు తగిలియ్యి."

"ఇయ్యి బాపూ, పనికొస్తది" అంది ఆమె.

ఎవరు తెచ్చినా కాదనేది కాదు. కేంద్రం వెనక చిక్కుడు తీగకు ఆ బరిగెలన్నిటితో పందిరి కట్టింది. ఆ కాయలే పిల్లల కూరలో పడేవి. ఒకరోజు మా బాపు తన బరిగెను గుర్తుపట్టాడు.

"నా బరిగెను గిట్ల జేసినవా?"

"నీదే గట్టిగున్నది బాపూ. మస్తు గాస్తున్నది."

ఆయన గొణుక్కుంటూ ఇంటికొచ్చాడు. చేతిలో చిక్కుడుకాయలు మాత్రం ఉన్నాయి.

కొట్టిన పిల్ల, దెబ్బతిన్న పిల్ల కలిసి ఆ తీగకు నీళ్లు పోయాలి. అది ఆమె పద్ధతి. చిన్న బకెట్టు, పిడికి చెరో పక్క. ఒకరు వదిలితే ఇద్దరి కాళ్లూ తడుస్తాయి. "కొట్టిన చెయ్యి ఊకె ఉండది, దానికి పని జెప్పాలె" అనేది. మా బిడ్డ వెంటనే మారలేదు. చలికాలమంతా నీళ్లు మోసింది. ఎండలు ముదిరేసరికి, ఎవరినీ కొట్టకపోయినా బకెట్టు దగ్గరికి వెళ్లి, రెండో పక్కకు ఎవరినో ఒకరిని పిలవసాగింది. పిల్లలు పోయేవాళ్లు. తల్లులు ఆపలేదు.

ఇప్పుడది మూడో తరగతి. టీచరమ్మను సాగనంపిన మరునాడు కేంద్రం దగ్గరికి పోదామని అది అంటే, బాపుతో కలిసి ముగ్గురం వెళ్లాం. తలుపుకు తాళం ఉంది. వెనక తీగ వాడిపోయింది. బిడ్డ బకెట్టు సగం నింపి, పిడి ఒక పక్కనే పట్టుకుని నిలబడింది. ఎవరినీ పిలవలేదు.

మా బాపు వంగి రెండో పక్క పట్టుకున్నాడు. ఆయన పొడుగు, అది పొట్టి. బకెట్టు ఒరిగి, ఇద్దరి కాళ్లూ తడుపుతూ పందిరిదాకా నీళ్లు కారాయి.