ఎడమ పాదం మీద ఇంటూ మార్కు

తెల్లవారుజాము ఐదున్నర. గిలకలదిండి హార్బరులో తుంపర పడుతోంది. ఇడ్లీ బండి ఇంకా రాలేదు. ఐసు మోసే నాగేంద్రబాబు కడుపు నకనకలాడుతోంది. అలాంటి వేళ ఎదురొచ్చింది ఇడ్లీ కాదు, సీతామహాలక్ష్మి నర్సమ్మ.

ఆవిడకి ఒక్కటే పిచ్చి. మనిషి కనబడితే ముఖం చూడదు, పాదాలు చూస్తుంది. వంగి, పాదం మీద మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని నాడి వెతుకుతుంది. దొరికిన చోట బాల్‌పెన్నుతో ఇంటూ మార్కు పెడుతుంది. రిటైరవబోయే మనిషి అలా కాళ్ళ మీద పడుతుంటే మగాళ్ళు హడలిపోయి పడవలెక్కేసేవాళ్ళు.

"పెద్దదానివమ్మా, మా కాళ్ళు ముట్టుకుంటే మాకు పాపం!"

"ఆ పాపమేదో నేను మోస్తాలే. చెప్పులిప్పు."

ఐసు షెడ్డు యజమాని సోమేశ్వరరావునీ వదల్లేదు. ఆయన వేలంపాటలో ఉండగా మెడ నరం ఎంత ఎత్తున కొట్టుకుంటోందో స్కేలు పెట్టి కొలిచింది. చీలమండ మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడేదాకా ఒకటీ రెండూ లెక్కపెట్టింది. ఈలోగా వంజరం చేపల బుట్ట ఇంకొకడు పాడుకుపోయాడు.

చేపలమ్మే బుల్లెమ్మ మాత్రం మురిసిపోయింది. "ముప్పయ్యేళ్ళ కాపరంలో మా ఆయన నా కాలు పట్టుకున్న పాపాన పోలేదు. నువ్వు వారానికి రెండుసార్లు పడతన్నావు!"

ఆ ఉదయం నాగేంద్రబాబు కుడి పాదం మీద మార్కు పడింది. ఎడమ పాదం దగ్గర నర్సమ్మ కదల్లేదు.

"ఇందులో నాడి అందట్లేదయ్యా. నడిస్తే పిక్క పట్టేస్తోందా?"

"ఐసు మోస్తే పట్టదేంటండీ?"

"ఆగితే తగ్గుతోందా?"

"తగ్గుద్ది."

"బీడీలు?"

"ఎక్కువేం లేదండీ. రోజుకి రెండు కట్టలు."

ఆవిడ సరాసరి షెడ్డులోకి నడిచింది. "ఇతన్ని ఐసులో దింపకండి. రక్తం అందట్లేదు, కాలు పోతుంది."

ఆ మాట వినగానే సోమేశ్వరరావుకి జాలి పుట్టుకొచ్చింది, తన మీద తనకి. రేపు కాలు పోతే తన నెత్తికి చుట్టుకుంటుందని, నాగేంద్రబాబుని సగం కూలికి తూకం దగ్గర కూర్చోబెట్టాడు.

"నా కూడు పడగొట్టావు గదమ్మా!" అని నాగేంద్రబాబు హార్బరంతా వినబడేలా అరిచాడు.

"కాలుంటే కూడు నడిచెళ్ళి తెచ్చుకోవచ్చు. ఆ బీడీ పారెయ్."

రెండు నెలలు బీడీలు మాన్పించింది, మాత్రలు మింగించింది. మింగాక నోరు తెరిపించి చూసింది. చివరికి విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. బస్సులో కండక్టరు టికెట్టడిగితే బూట్లిప్పమంది. పామర్రు వచ్చేసరికి ముందు నాలుగు సీట్లవాళ్ళ పాదాల మీదా ఇంటూలే. సిగ్గుతో నాగేంద్రబాబు, ఈవిడెవరో తెలీనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అక్కడ డాక్టర్లు పూడుకుపోయిన రక్తనాళం తెరిచారు. ఇంటికొచ్చాక ఒక శుక్రవారం నర్సమ్మ వచ్చి ఎడమ పాదం పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవదు. నిద్రపోయిందేమోనని అతను కాలు కదిపాడు. కాలి మీద ఒకటిచ్చింది. తర్వాత పెన్ను తీసి మార్కు పెట్టి, పెన్ను మూత బిగించి వెళ్ళిపోయింది. తిట్టు లేదు, వస్తానన్న మాట లేదు.

మంగళవారం హార్బరులో ఆవిడ చోట దివ్యశ్రీ అనే కుర్ర నర్సు దిగింది.

"పెద్ద నర్సమ్మేరండీ?" అన్నాడు నాగేంద్రబాబు.

"శుక్రవారమే బంటుమిల్లి వెళ్ళిపోయారండీ. బదిలీ ఎప్పుడో అయింది. ఇక్కడ ఒక కాలు మిగిలిపోయింది, అదయ్యాక వస్తానని ఆఫీసు చుట్టూ తిరిగి ఇన్నాళ్ళూ ఆపించుకున్నారు."

"చెప్పకుండా పోద్దా మనిషి!" అని గొణిగి, అతను తలొంచుకుని పాదం చూసుకున్నాడు. మార్కు సగం చెరిగింది.

"చెయ్యివ్వండి, నాడి చూస్తా" అంది దివ్యశ్రీ.

నాగేంద్రబాబు రెండు చేతులూ వెనక్కి దాచేసుకున్నాడు. "చెయ్యి కాదమ్మా. పెన్ను తెచ్చుకున్నావా, లేదా?"

దివ్యశ్రీ తలెత్తి చూసింది. అతని వెనకాల, ఒకప్పుడు పడవలెక్కి పారిపోయినవాళ్ళంతా చెప్పులు చేత్తో పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. చివర సోమేశ్వరరావు, పంచె పైకెత్తి.