గ్యారేజీలో పాత ఫ్రిజ్

ఆఫీసు నుంచి రాగానే మా అల్లుడు ముందు గ్యారేజీలోకి వెళ్లి, పిల్లాడికి జ్వరం ఉందేమో చూసినట్టు, పాత ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనించేవాడు.

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో కూతురింట్లో ఆరు నెలలున్నాను. కొత్త ఫ్రిజ్ వచ్చాక పాతది పారేస్తారనుకున్నాను. అల్లుడు దానికి పక్కన చిల్లు పొడిచి, వైరు దూర్చి, లోపలి చల్లదనం పెరక్కుండా తగ్గకుండా చూసే మీటరొకటి తగిలించాడు. అరలు తీసేసి పెద్ద గాజు సీసా పెట్టాడు. అందులో ఎప్పుడూ బుడగలు లేస్తుండేవి.

"ఏంటి బాబూ అది?" అన్నాను.

"బీరు అత్తయ్యా. ఒకే చల్లదనంలో ఉంటేనే సరిగ్గా పులుస్తుంది. తాగడానికి కాదు, చెయ్యడం సరదా."

మా ఆయన కూడా సరదాకే మొదలుపెట్టాడు. ఆ తాగుడుతోనే పోయాడు. నా కూతురికీ నా బతుకే వస్తుందేమోనని భయం పట్టుకుంది. అందుకని అల్లుడు గ్యారేజీ నుంచి వచ్చేసరికి రోజూ మంచినీళ్ల గ్లాసుతో ఎదురెళ్లేదాన్ని. నీళ్లిచ్చే వంకన దగ్గరికి జరిగి వాసన చూసేదాన్ని.

నెల తిరక్కుండా కనిపెట్టేశాడు.

"ఊదమంటారా అత్తయ్యా?" అని వంగి, నా మొహం మీదే ఊదాడు. కాఫీ వాసన తప్ప ఏమీ లేదు.

వంటింట్లోంచి నా కూతురు నవ్వింది. "పోలీసులు ఆపినా ఇంత బుద్ధిగా ఊదడమ్మా."

మా ఆయన ఉన్నన్నాళ్లూ మొహం అటు తిప్పుకునే ఇంట్లోకి వచ్చేవాడు. ఎదురుగా నిలబడి ఊదిన మగాణ్ణి మా అల్లుణ్ణొక్కణ్ణే చూశాను.

మర్నాడు కూడా మంచినీళ్లు నేనే పట్టుకెళ్లాను, వాసన చూడ్డానికి మాత్రం కాదు.